నెత్తుటి సాక్ష్యము

నేరస్థుడు తానే ఒప్పుకొన్న పిమ్మట వేరొక సాక్ష్యమెందులకని రచ్చబండ కడ తీర్పులు చెప్పుట మనమెరుగుదుము. ఆ ఒప్పుకోలు ఎంతవరకు నమ్మదగినదో తెలుపు చరిత్ర యొకటి నేడు మీకు మనవి చేసెదను.

ఇంగ్లండు దేశమున లీస్టరు అను పట్టణము కలదు. దానికి చేరువనున్న నార్‌బరో గ్రామమున 1983లోను, ఎండర్బీ గ్రామమున 1986లోను పదునైదేండ్ల బాలికలిద్దరు దౌర్జన్యమునకు గురియై చంపబడిరి. రక్షకభటులు పదునేడేండ్ల కుఱ్ఱవానినొకనిని పట్టుకొని ప్రశ్నింపగా, రెండవ హత్య తానే చేసితినని వాడొప్పుకొనెను. మొదటిది మాత్రము ఎరుగననెను. రెండును వాని పనియేయని భటులు తలచిరి.

ఆ లీస్టరు విశ్వవిద్యాలయముననే అలెక్ జెఫ్రీసు అను శాస్త్రజ్ఞుడు 1984లో ఒక క్రొత్త మార్గము కనిపెట్టియుండెను. మన దేహకణములలో డీఎన్‌ఏ అను సన్నని పోగు కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన మహాగ్రంథము వంటిది. అందలి అక్షరములు సుమారు 300 కోట్లు. అందులో మిక్కిలి భాగము మనుష్యులందరికి సమానమే. కొన్ని తావులందు మాత్రము ఒకే మాట మరల మరల వచ్చును. అది ఒకనికి పదిసార్లు వచ్చిన, వేరొకనికి పదునాలుగుసార్లు రావచ్చును. ఇట్టి తావులు పెక్కింటిని కలిపి చూచినచో, ఒకే పిండమునుండి పుట్టిన కవలలు తప్ప, ఇద్దరికి సరిపోలుట మిక్కిలి అరుదు.

భటుల కోరికపై జెఫ్రీసు హంతకుడు విడిచిన మరకలను, కుఱ్ఱవాని నెత్తురును పరీక్షించెను. రెండు హత్యలును ఒక్కని పనియే. కాని వాడు ఈ కుఱ్ఱవాడు కాడు! 1986 నవంబరులో వానిని విడిచిపెట్టిరి. దోషిని పట్టియిచ్చుటకు ముందే ఈ శాస్త్రము నిర్దోషిని కాపాడెను.

1987లో ఆ ప్రాంతపు పురుషులు సుమారు 5,000 మంది నెత్తురునిచ్చిరి. ఒక్కటియు సరిపోలలేదు. కారణమేమన, హంతకుడు తన పేర తోటి పనివానిని పంపియుండెను. ఆ పనివాడు మద్యశాలలో నోరుజారగా, విన్న స్త్రీ యొకతె భటులకు తెలిపెను. హంతకుడు పట్టుబడి, వాని నెత్తురు సరిపోలి, 1988 జనవరిలో యావజ్జీవ శిక్ష పొందెను.

నాడు పరీక్షకు పెద్ద మరక కావలసియుండెను. తరువాత అతిస్వల్పమైన డీఎన్‌ఏను యంత్రమున లక్షలంతలుగా పెంచు పద్ధతి వచ్చెను. డీఎన్‌ఏను అక్షరమక్షరముగ చదువు విధమును ఫ్రెడరిక్ సాంగరు 1977లోనే చూపియుండెను. దాని తరువాతి రీతులిప్పుడు నేరపరిశోధనకును పనికివచ్చుచున్నవి. మాటల లెక్క ఇద్దరికి సమానమైనను, నడుమ ఒక్క అక్షరము మారియున్న అదియు బయటపడును. మన హైదరాబాదున లాల్జీ సింగు గారు కట్లపాము జాతి సర్పపు డీఎన్‌ఏనుండి గ్రహించిన సాధనముతో ఇట్టి గుర్తింపు పద్ధతిని నెలకొల్పిరి.

అయినను, సీసాపై వ్రాసిన పేరు నిజమో కాదో శాస్త్రము చెప్పజాలదు. అది చూచుకొనవలసినది మనుష్యులే. కాబట్టి మీ యూర నేరమేదైన జరిగినచో, మరకపడిన గుడ్డను ఉతుకనీయకుడు, ఆ తావును కడుగనీయకుడు. ఎవడైన ఒప్పుకొనెనని వినినను, సాక్ష్యము కొరకు వేచియుండుడు. ఆ మరకలో ఒక నిరపరాధి ప్రాణము దాగియుండవచ్చును.