ఇప్పచెట్టు ఎవరిది?

బస్తర్‌లో ఉంటానని చెప్పగానే మన వైపు వాళ్ళు అడిగేవి రెండే: తుపాకుల సంగతి, చీమల పచ్చడి సంగతి. విజయనగరం నుంచి వచ్చి జగదల్‌పూర్‌లో స్థిరపడినవాణ్ణి కాబట్టి రెండింటికీ నా దగ్గర జవాబు ఉండాలని వాళ్ళ నమ్మకం. నన్నడిగితే ఈ నేల చరిత్రను చెట్ల దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడి తిండి, తాగుడు చాలావరకు చెట్టు ఇచ్చినవే. ఆ చెట్టు ఎవరిదన్న తగాదా నూరేళ్ళు దాటినా తెగలేదు.

రాజుల కథ మనకు కొంత తెలిసిందే. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. శంఖిని, డంకిని నదులు కలిసే దంతెవాడలో వాళ్ళ కులదేవత దంతేశ్వరి. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసేదాకా ఆ వంశమే ఏలింది. కాకతీయుల పేరు ఓరుగల్లులో కన్నా ఇక్కడే ఎక్కువ కాలం నిలిచింది. ఒకప్పటి బస్తర్ జిల్లా కేరళ కన్నా పెద్దది, ఇప్పుడది ఏడు జిల్లాలు. ఇంద్రావతి, శబరి రెండూ మన గోదావరిలోకే వస్తాయి. కోంటా, భోపాలపట్నం సంతల్లో తెలుగులోనే బేరమాడవచ్చు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పడి, 1960ల చివర బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరడం మొదలయ్యాక మనవాళ్ళ రాకపోకలు ఇంకా పెరిగాయి.

ఇక తిండి. ఎండాకాలం పొలానికి వెళ్ళే గోండు రైతు భుజాన ఎండిన ఆనపకాయ బుర్ర వేలాడుతుంది. దాన్ని తుంబా అంటారు. అందులో మండియా పేజ్ ఉంటుంది, అంటే మన చోడి అంబలే. పొద్దున్న తాగి వెళ్తే మధ్యాహ్నందాకా ఎండ దెబ్బ తగలదంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అంబలి తాగి పెరిగినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. మనం దాన్ని పేదల తిండి అని వదిలేసి, ఇప్పుడు వైద్యులు చెబితే మళ్ళీ కొంటున్నాం. వీళ్ళు వదల్లేదు.

చీమల పచ్చడి పేరు చాపడా. మామిడి, గుగ్గిలం చెట్ల మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలను, వాటి గుడ్లను గూడుతో సహా దులిపి, ఉప్పు, మిర్చి, అల్లం, వెల్లుల్లితో నూరతారు. పులుపు చీమలోని ఆమ్లానిదే, చింతపండు అక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో ఇవే చీమల గుడ్లు ఖరీదైన వంటకం. ఒడిశాలోని సిమిలిపాల్ చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్తర్ పచ్చడిని మాత్రం చూడవచ్చినవాళ్ళు ఫొటో తీసుకుని, ముఖం చిట్లించి వెళ్ళిపోతారు. నాకది బాధగా ఉంటుంది. తొలకరికి గుగ్గిలం చెట్ల కింద నేలలోంచి తవ్వితీసే బోడా పుట్టగొడుగుల కోసం ఇక్కడి సంతల్లోనే పట్నంవాళ్ళు ఎంత ధరకైనా ఎగబడతారు మరి.

తాగేవాటిలో సల్ఫీది ప్రత్యేక స్థానం. మన ఏజెన్సీలో జీలుగు కల్లు తెలిసినవాళ్ళకు అది తెలిసినట్టే, చెట్టు అదే. గీతకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి తాత నాటితే మనవడు గీస్తాడు. కూతురికి కట్నంగా సల్ఫీ చెట్టు ఇవ్వడం ఇక్కడ పాత మర్యాద. మన కొండరెడ్లు కరువులో దాని మానులోని పిండి తిని బతికారు. ఇప్పుడు తెగులు సోకి ఈ చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. ఎండిన సల్ఫీ అంటే ఆ ఇంటికి రోజువారీ రాబడి, పెరటి బంధుత్వం రెండూ పోయినట్టే. బియ్యంతో పులియబెట్టే లాందా కూడా ఉంది, అది పండగల్లో కడుపు నింపే పానీయం.

అన్నిటికన్నా పెద్దది ఇప్ప. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున పూలు రాలుతాయి. ఆడవాళ్ళు, పిల్లలు చెట్టు కింద ముందే ఆకులు ఊడ్చి ఉంచి, ఎండెక్కకముందే బుట్టలకెత్తుతారు. ఎండబెడితే కరువుకు తిండి, గింజ పిండితే నూనె, పులియబెట్టి కాస్తే సారా. పుట్టుక, పెళ్ళి, చావు ఏదైనా మొదటి చుక్కలు నేలకు, పెద్దలకు ధారపోసి, తర్వాతే అడ్డాకు దొన్నెలో మనిషి తాగుతాడు.

ఈ ఇంటి సారా మీద బ్రిటిష్ కాలంలో సర్కారు చెయ్యి పడింది. తయారీ హక్కు కాంట్రాక్టర్ల పాలైంది. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించారు. పోడు, వేట, అడవి సరుకు ఏరుకోవడం నేరాలయ్యాయి. 1899–1900లో, మళ్ళీ 1907–08లో దారుణమైన కరువులు. కరువులో ఆదుకునే అడవికే తాళం పడితే మనిషి ఏం చేస్తాడు? 1910లో ఊరూరా మామిడి కొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు చేతులు మారాయి. అవి తిరుగుబాటుకు పిలుపు. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు భూంకాల్ అనే ఈ తిరుగుబాటుతో ముడిపడి నిలిచింది. సంతలు దోచారు, అధికారుల, వ్యాపారుల ఇళ్ళను, పోలీసు ఠాణాలను తగలబెట్టారు, ధాన్యాన్ని జనానికి పంచారు. పంచింది ధాన్యాన్నే అన్న సంగతి గమనించండి. అణచడానికి బ్రిటిష్ వాళ్ళకు ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. గుండాధుర్ వాళ్ళకు దొరకనే లేదు. రిజర్వు అడవిని ముందు అనుకున్నదానిలో దాదాపు సగానికి తగ్గించాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా అడవి శాఖ కంచె చాలాకాలం అలాగే ఉంది. 1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కును, మత్తుపానీయాల నియంత్రణ అధికారాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును గుర్తించింది. తాగుడుతో ఇక్కడ ఇళ్ళు కూలడం లేదని నేననను. ఆడవాళ్ళ ఏడుపు విన్నాను. కానీ ఏది పూజకు, ఏది వ్యసనానికి అన్నది తేల్చగలిగింది ఆ ఊరి గ్రామసభే. దూరంగా కూర్చుని వీళ్ళను తాగుబోతులని తేల్చేయడం అన్యాయం.

ఇది ముఖ్యంగా ఖమ్మం, భద్రాద్రి, ములుగు మిర్చి రైతులకు చెబుతున్నాను. ఏటా మీ చేలల్లో కాయ కోయడానికి వచ్చే గుంపుల్లో చాలామంది ఈ బస్తర్ మనుషులే. వాళ్ళకు నీడ, మంచినీళ్ళు చూడండి. ఇప్పపూలు రాలే వేళకు ఇంటికి పోతామంటే ఆపకండి, కూలి లెక్క ఆ రోజే తేల్చి పంపండి.