చిగుర్ గోష్ ఏ ముల్క్ నుంచి వచ్చింది?

మన ఖానా గురించి రాసేవాళ్లకి ఒక ఆదత్ ఉంది. ఏ సాలన్ తీసుకున్నా దానికొక పాస్‌పోర్ట్ అతికిస్తారు. హలీం యెమన్ నుంచి, బిర్యానీ ఈరాన్ నుంచి, కబాబ్ తుర్కీ నుంచి, నహారీ దిల్లీ నుంచి. టీవీ చర్చల్లో మనల్ని ‘బయటివాళ్లు’ అనేవాళ్లు ఈ ఫెహ్‌రిస్త్ చదువుతారు. తమాషా ఏమిటంటే మనవాళ్లు కూడా అదే ఫెహ్‌రిస్త్‌ని ఫఖర్‌గా చదువుతారు. తారీఖ్ ఒక్కటే, మతలబ్ వేరు.

ఈ ఫెహ్‌రిస్త్‌లో మా ఛత్రినాక ఇళ్లలో వారం వారం పొయ్యి మీది నుంచి దిగే హండీలు మాత్రం కనబడవు. చిగుర్ గోష్, అంబాడా గోష్, కైరీ గోష్, ఖట్టీ దాల్ పక్కన తలా హువా గోష్, చుట్టాలొస్తే దాల్చా. వీటిలో దాల్చా ఒక్కటే షాదీల దస్తర్‌ఖాన్ దాకా ఎక్కింది. మిగతావి ఇంటి గడప దాటలేదు. ఇవి అమ్మీ, నానీ, ఫుప్పీల చేతివంటలు. కితాబులు రాసినవాళ్లు నవాబుల బావర్చీఖానాలో నిలబడి రాశారు. మన ఫలక్‌నుమా కొండ మీది మహల్‌లో ఒకేసారి 101 మంది కూర్చునే మేజ్ ఉంది, దాని గురించి ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు. అదే కొండ కింద గల్లీల్లో చింతచిగురు అరచేతుల మధ్య నలిపి ఈనెలు తీసే ఆడవాళ్ల గురించి ఎవరు రాస్తారు?

ఈ హండీలన్నిటికీ ఉమ్మడిది ఒకటుంది. పులుపు. ఆ పులుపు తారీఖ్ చెబుదామనే ఇది రాస్తున్నా.

మొదట ఆ లఫ్జ్ సంగతి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ‘చిగుర్’ అనే మాట నాకు ఏ ఉర్దూ పాఠంలోనూ తగల్లేదు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక మొదటి ఏడాది ఒక పద్యం చెబుతూ సార్ ‘చిగురు’ అన్నారు. మా ఇంటి హండీ పేరు క్లాసులో వినబడ్డట్టు ఉలిక్కిపడ్డా. మనం చివరి ‘ఉ’ ఒక్కటి కోసేసి దఖ్ఖనీలో కలిపేసుకున్నాం. లక్నో నుంచి వచ్చిన మెహమాన్ ముందు ‘చిగుర్ గోష్’ అనండి, ‘క్యా చీజ్ హై?’ అంటాడు. ‘అంబాడా’ మాత్రం తెలుగు వైపు నుంచి రాలేదు. గోంగూరని మరాఠీలో అంబాడీ అంటారు. నిజాం రియాసత్‌లో తెలంగాణతో పాటు మరాఠ్వాడా కూడా ఉండేది కదా, ఆ దారిన వచ్చింది. చెట్టు పేరు ఒకరి దగ్గర, ఆకు పేరు ఇంకొకరి దగ్గర తీసుకుని మధ్యలో గోష్ పెట్టుకున్నాం.

తీసుకోవడమే కాదు, ఇచ్చాం కూడా. తెలంగాణ పల్లెల్లో హిందువుల ఇళ్లలో ఫంక్షన్ అయితే ఏం వండుతారు? బగారా అన్నం, యాట కూర. ‘బఘార్’ అంటే పోపు, తాలింపు. ఆ బగారా ఇవాళ తెలుగు మాటే. దావత్ కూడా తెలుగు మాటే. లాల్‌దర్వాజా బోనాల రోజున మా గల్లీలో ఏ ఇంటి ముందు నిలబడినా బగారా, మసాలా వాసనే. మనం చిగురు తీసుకున్నాం, వాళ్లు బగారా తీసుకున్నారు. ఈ లేన్‌దేన్‌కి ఏ ఫర్మాన్ లేదు. గోడ మీదుగా గిన్నె అందుకున్న చేతులే చేసిన పని.

ఇంకా గట్టి సబూత్ కావాలంటే ఖిచిడీ, ఖీమా, ఖట్టా తినే మన పొద్దుటి నాష్తా చూడండి. అందులో ఖట్టా అంటే ఏమిటి? చింతపండు నానబెట్టి పిసికిన నీళ్లు, నువ్వులు, ఉల్లిపాయ, మిర్చి, కొత్తిమీర. పొయ్యి మీద పెట్టే పనే లేదు. తెలంగాణ పచ్చిపులుసు చేసేవాళ్లని అడగండి, ఇవే చెబుతారు. నువ్వులు వేయించి పొడి కొట్టి వేయడం దాకా కలుస్తుంది. ఖిచిడీ ఉత్తరాది నుంచి వచ్చింది అనుకుందాం, ఖీమా మాట తుర్కీ నుంచి వచ్చింది అనుకుందాం. ఖట్టా ఎక్కడి నుంచి? పక్కింటి నుంచి. బఘారా బైంగన్, మిర్చీ కా సాలన్‌లో పడే నువ్వులు, పల్లీలు, కొబ్బరి, చింతపండు గుజ్జు సంగతి కూడా ఇదే. గుత్తివంకాయ చేసే ఇల్లాలికి ఆ మసాలా కొత్తగా నేర్పాల్సిన పనిలేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా ఇక్కడే ఉన్నారు, ఇక్కడి నీళ్లు తాగారు. వాళ్లలో ఇబ్రాహీం కుతుబ్‌షా తఖ్త్ ఎక్కే ముందు దాదాపు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర పనాహ్ పొందాడు. 1550లో గోల్కొండ చేరి పాదుషా అయ్యాక తెలుగు కవులను పోషించాడు. వాళ్లు ఆయన్ని ముద్దుగా మల్కిభరాముడు అన్నారు. తెలుగులో కవిత్వం విన్న మనిషి దస్తర్‌ఖాన్ మీద పులుపు లేకుండా అన్నం తిన్నాడంటే నేను నమ్మను. ఇది నా అందాజా, సబూత్‌గా తీసుకోకండి.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. గోష్‌లో పులుపు వేయడం తెలుగువాళ్ల ఒక్కరి సొత్తు కాదు. 1226లో బగ్దాద్‌లో ముహమ్మద్ బిన్ హసన్ అనే ఆయన ‘కితాబ్ అల్ తబీఖ్’ రాశాడు. తాతారీలు బగ్దాద్‌ని తగలబెట్టడానికి 32 ఏళ్ల ముందు సంగతి. ఆ కితాబ్ మొదటి బాబే పుల్లటి వంటల మీద. అందులో మొదటిది ‘సిక్‌బాజ్’, అంటే సిర్కాలో వండిన గోష్. ఫార్సీ బాద్‌షాహ్‌ల కాలం నుంచి ఉన్న వంట అది. ఆ మాటే అరబ్బులతో స్పెయిన్ దాకా పోయి అక్కడ ‘ఎస్కబేచే’ అయింది. అంటే పశ్చిమం నుంచి దక్కన్‌కి వచ్చిన మన బుజుర్గులకి పుల్లటి గోష్ కొత్త కాదు. వాళ్ల దగ్గర సిర్కా ఉంది, దానిమ్మ ఉంది, ద్రాక్ష ఉంది. ఇక్కడికొచ్చి చూస్తే ప్రతి వాకిట్లో చింతచెట్టు.

ఆ చెట్టుకి అరబ్బులు పెట్టుకున్న పేరు ‘తమర్ హిందీ’. హింద్ ఖర్జూరం. ఇంగ్లీషు టామరిండ్ దాన్నుంచే పుట్టింది. కానీ వృక్షశాస్త్రం చదివినవాళ్లని అడిగితే చింతచెట్టు అసలు వతన్ ఆఫ్రికా అంటారు. వేల ఏళ్ల కింద వచ్చి ఇక్కడ వేళ్లూనింది. గోంగూర మూలం కూడా ఆఫ్రికా అనే చెబుతారు. మిర్చి అయితే పోర్చుగీసులతో అమెరికా నుంచి వచ్చింది. 1498లో వాస్కోడిగామా కాలికట్‌లో దిగేదాకా మన దేశంలో ఎవరి కూరలోనూ మిరపకాయ లేదు. 1590లలో అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో హరీసా, హలీం లాంటి వంటలకి తూకాలతో సహా రాశాడు. అందులోనూ మిర్చి లేదు, మిరియాలే. పాస్‌పోర్ట్‌లు అడగడం మొదలుపెడితే మన పక్కింటి పచ్చిపులుసులో కూడా స్వదేశీ అని మిగిలేవి నువ్వులే.

వంట తరీఖా కూడా కొంచెం చూడాలి, ఎందుకంటే తారీఖ్ అందులోనే దాగుంది. మా అమ్మీ చిగుర్ గోష్‌కి ఎముకలున్న ముక్కలే తీసుకునేది, సీనా, నల్లీ. ఉల్లిపాయ ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ముక్కలు. నీళ్లు పోసి పూర్తిగా గలేదాకా ఉడికించాలి. అప్పుడే చిగురు. అరకిలో గోష్‌కి పావు కిలో చిగురు, నాలుగైదు పచ్చిమిర్చి. ఆ తర్వాత నూనె పైకి తేలేదాకా భూనాలి. గరం మసాలా వేస్తే చిగురు వాసన చచ్చిపోతుంది. టమాటా వేసేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. దాల్చాలో కూడా అంతే, శనగపప్పు, గోష్, సొరకాయ మెత్తబడ్డాకే చింతపండు రసం. పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు. ఈ హిక్మత్ ఎవరు నేర్పారు? పప్పుచారు కాచే ఇంట్లో ఇది చిన్నపిల్లకీ తెలుసు. ముక్కని భూనడం మన వైపు ఇల్మ్, పులుపుని ఆఖర్న దించడం ఈ నేల ఇల్మ్. ఈ దాల్చానే మన దేశపు ముస్లిం వ్యాపారులతో సముద్రం దాటి మలేషియా చేరింది. అక్కడివాళ్లు ‘దాల్చా’ అనే అంటారు, తమదే అనుకుంటారు. అనుకోనివ్వండి.

పులుపు ముందా, తర్వాతా అనే దానికి మా భాంజా ఈమధ్య ఇంకో జవాబు పంపాడు. వాడు జర్మనీలో కొలోన్ దగ్గర ఎమ్మెస్ చదువుతూ చేయి కాల్చుకుంటున్నాడు. అక్కడివాళ్ల పాత పండుగ వంట ‘జావర్‌బ్రాటెన్’. జావర్ అంటే పులుపు, బ్రాటెన్ అంటే కాల్చి ఉడికించిన మాంసం. గట్టి మాంసం పెద్ద దిమ్మగా తీసుకుని సిర్కా, ఉల్లిపాయ, లవంగం, బిర్యానీ ఆకులాంటి ఆకుతో మూడు నాలుగు రోజులు, కొందరు ఇంకా ఎక్కువే నానబెడతారు. చలిదేశం కాబట్టి సాగింది, ఏప్రిల్‌లో ఛత్రినాకలో అలా పెడితే గల్లీ ఖాళీ అవుతుంది. రైన్ నది వైపువాళ్లు చివర్లో కిష్మిష్ వేసి, మసాలా బిస్కెట్ పొడితో షోర్‌బా చిక్కబరుస్తారట. కొందరు సిర్కాకి బదులు షరాబ్ వాడతారు. వీడు తుర్కీ దుకాణంలో హలాల్ గోష్ తెచ్చి ఉత్త సిర్కాతో చేశాడు. ‘మామూ, షాదీ ఖానా లాగా ఖట్టా మీఠా ఉంది’ అన్నాడు.

ఆ తర్వాత వాడికి చిగురు మీద మనసు పోయింది. చింతపండు గుజ్జు సీసాల్లో దొరుకుతుంది కానీ చిగురు ఎక్కడిది? అక్కడి సంతలో వసంతకాలంలో ఒక పుల్లటి ఆకు అమ్ముతారు, ‘జావర్‌ఆంప్ఫర్’. చూస్తే మన చుక్కకూరకి చెల్లెలే, ఒకే జాతి. దాన్ని తరిగి గోష్‌లో వేశాడు. వీడియో కాల్‌లో మా ఆపా హండీలోకి తొంగిచూసి ‘అరే, యే తో చుక్కా గోష్ హై’ అంది. రుచి అరవై పైసలు వచ్చిందని వాడి మాట.

హలాల్ గోష్ అమ్మిన ఆ తుర్కీ దుకాణానికి కూడా ఒక తారీఖ్ ఉంది. 1961 అక్టోబర్ 30న జర్మనీ, తుర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకి మనుషుల్ని పిలిపించుకుంది. వాళ్లకి పెట్టిన పేరు ‘అతిథి కార్మికులు’. పని అయిపోతే పోతారనుకున్నారు. పోలేదు. 1970లలో బెర్లిన్‌లో వాళ్లు డోనర్ కబాబ్‌ని రొట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఇవాళ జర్మన్ పిల్లలకి అది పరాయి తిండి కాదు. కానీ అమ్మేవాణ్ణి ‘ఎక్కడి నుంచి వచ్చావు?’ అని అడగడం ఆగలేదని మా భాంజా అంటాడు. ఆ సవాల్ మనకీ తెలిసిందే.

మా దగ్గర్నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా నాలుగైదు కిలోమీటర్లు పోతే బార్కస్. బ్యారక్స్ అనే మాట అరిగి బార్కస్ అయింది. హజ్రమౌత్ నుంచి నిజాం ఫౌజ్‌లోకి వచ్చిన అరబ్బులు ఉన్న చోటు. వాళ్ల హరీస్ ఇక్కడి మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు తగిలి మన హలీం అయింది. 2010లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది, ఈ దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసం వంటకం అదే. ‘హైదరాబాదీ హలీం’ అని సర్కారీ కాగితం మీదే రాసుంది, యెమనీ అని లేదు. ఈమధ్య అదే బార్కస్ దారిలో మండీ హోటళ్లు వెలిశాయి. ఖలీజ్‌లో కష్టపడి వచ్చినవాళ్లు తెచ్చిన రుచి, దానికి నేను ఖిలాఫ్ కాదు, నేనూ తింటా. నా గిలా వేరే. మా మొహల్లా పిల్లలు మండీలో రకాలు వేళ్ల మీద లెక్కపెడతారు, అంబాడా గోష్ అంటే ముక్కు ముడుస్తారు. మండీలో పులుపు లేదు. అరబ్బులది అరబ్బుల్లాగే ప్లేట్లోకి వచ్చింది, మధ్యలో ఏ పక్కింటి చేయీ పడలేదు. హలీంకి జరిగింది దానికి ఇంకా జరగలేదు.

చింతచెట్టుకి ఈ షహర్ మీద ఒక అహ్‌సాన్ కూడా ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ కొమ్మల మీద ఆ రోజు ఎవరు ఏ మజ్‌హబ్ అని ఎవరూ అడిగి ఉండరు. నిలబడటానికి చోటుందా అనే అడిగి ఉంటారు.

మా గల్లీ చివర కూడా ఒక చింతచెట్టు ఉండేది. మార్చి ఆఖరుకి చిగురు ఎర్రగా తొంగిచూస్తే పిల్లలం ఎక్కి కోసేవాళ్లం, కింద అమ్మీ, పక్కింటి అక్క ఒకే చాదర్ పట్టుకుని నిలబడేవాళ్లు. కోసింది చెరిసగం. అక్కావాళ్ల సగం పప్పులోకి, మా సగం గోష్‌లోకి. మిగిలింది నీడలో ఆరబెట్టి డబ్బాలో దాచేవాళ్లు, రంజాన్ ఏ నెలలో వచ్చినా పనికొచ్చేది. చెట్టు పోయింది, అక్కడ మూడంతస్తుల ఇల్లు లేచింది. ఇప్పుడు మీర్ ఆలం మండీలో కొనాలి. కొన్ని వారాలు కిలో చిగురు ధర కిలో కోడి కంటే ఎక్కువ పలుకుతుంది, అయినా పొద్దున తొమ్మిదికల్లా బుట్టలు ఖాళీ. బేరం ఆడేవాళ్లలో బుర్ఖాలు, బొట్లు సగం సగం ఉంటాయి. ఈసారి మా ఆపా రెండు కిలోలు కొని ఆరబెట్టింది. ఆరితే గుప్పెడు తక్కువ అరకిలో అయింది. అందులో సగం కొలోన్ పోయే పార్సిల్‌లో పెట్టింది.