కంప్యూటర్ ఆధారిత వయోజన అక్షరాస్యత

కంప్యూటర్ ఆధారిత వయోజన అక్షరాస్యత అనునది చదువురాని పెద్దలకు సుమారు 40 గంటలలో మాతృభాషలో చదవడం నేర్పుటకు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టి.సి.ఎస్.) రూపొందించిన విధానము. ఇది 2000 సంవత్సరములో అప్పటి మెదక్ జిల్లాలోని బీరంగూడ గ్రామములో తెలుగులో మొదట ప్రయోగించబడినది. బీరంగూడ ప్రస్తుతము సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఒక పెద్ద వ్యాపార సంస్థ లోపల, అమ్మకముతో నిమిత్తము లేకుండా పుట్టిన ఆవిష్కరణగా దీనికి ప్రత్యేకత కలదు.

నేపథ్యము

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ప్రారంభమైన తరువాత కూడా దక్షిణ తెలంగాణలో చదువురానివారి సంఖ్య ఎక్కువగానే ఉండెను. 2001 జనగణన ప్రకారము మహబూబ్ నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 44 శాతము. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ జిల్లాలలో ఇదే అత్యల్పము. నల్గొండలో ఇది సుమారు 57 శాతము. సాధారణ వయోజన తరగతులకు 200 గంటల వరకు పట్టేది. పాలమూరు కూలీల వంటి వలస జనమునకు అంతకాలము ఒకే ఊరిలో నిలకడగా ఉండుటే కష్టము. కాబట్టి బోధనా కాలమును తగ్గించుట ఇక్కడ సౌలభ్యము మాత్రమే కాదు, అవసరము.

ఈ ఆలోచనకు మూలపురుషుడు టి.సి.ఎస్. తొలి అధిపతి ఫకీర్ చంద్ కోహ్లి (1924-2020). సంస్థ కొత్త పాఠ్యపుస్తకము వ్రాయించలేదు. అక్షరాస్యతా మిషన్ వాచకములనే తీసుకొని, వాటికి బొమ్మలు, ధ్వని జోడించి సాఫ్ట్‌వేర్‌గా మార్చినది. పాతబడిన కంప్యూటర్లపై కూడా ఇది నడుచును.

బోధనా పద్ధతి

తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు అన్నీ వరుసగా నేర్చుకొనుటకు చాలాకాలము పట్టును. పెద్దవారు విసుగుచెందేది సాధారణముగా ఇక్కడే. ఈ విధానములో అక్షరమాలతో కాక, తెలిసిన మాటతో మొదలుపెడతారు. ఉదాహరణకు 'పలక' అను మాటను మొదట ఒక రూపముగా గుర్తించి, పిదప అందులోని ప, ల, క అక్షరములను విడదీసి చూస్తారు. అవే అక్షరములు వేరే మాటలలో మరల ఎదురగును. ఉచ్చారణను కంప్యూటరే వినిపించుట వలన, తరగతి నడుపువారు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కానక్కరలేదు. రోజుకు గంట, గంటన్నర చొప్పున సుమారు 8 నుండి 10 వారములలో పాఠములు ముగియును.

పరిమితులు

ఈ విధానము ప్రధానముగా చదవడమునకే ఉద్దేశింపబడినది. వ్రాతను పక్కన పెట్టుటయే వేగమునకు ఒక కారణమని చెప్పవచ్చును. ఇలా నేర్చిన కూలి బస్సు బోర్డును, మస్టరు రోలులో తన పేరును చదువుకోగలడు. సంతకమునకు మాత్రము వేరే అభ్యాసము కావలెను. జనగణన నిర్వచనము ప్రకారము అర్థము చేసికొని చదువుట, వ్రాయుట రెండును వచ్చినవారే అక్షరాస్యులు. అందువలన చదవడము మాత్రమే వచ్చినవారు ఆ లెక్కలోనికి రారు.

విస్తరణ

తరువాత తమిళము, హిందీ, మరాఠీ, బెంగాలీ మొదలగు భాషలలోను, దక్షిణ ఆఫ్రికాలోని ఉత్తర సోతో భాషలోను పాఠములు తయారైనవి.