నిర్ణయం ఎక్కడ జరుగుతుంది? కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో అభివృద్ధి పాలకవర్గాలు

2022 నవంబరులో కామారెడ్డి పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజుల గడువిచ్చారు. పటంలో తమ సర్వే నంబర్లు వెతుక్కున్న రైతులకు పచ్చని పొలాల మీద పారిశ్రామిక జోన్ రంగు, గట్లను కోసుకుంటూ పోయే వంద అడుగుల రోడ్డు గీతలు కనిపించాయి. జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. భూమి దిగులే కారణమని కుటుంబం చెప్పింది. 2023 జనవరి 5న రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు, మరునాడు పట్టణం బంద్ పాటించింది. అది ముసాయిదా మాత్రమేనని ప్రభుత్వం పదేపదే చెప్పుకోవలసి వచ్చింది. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్రణాళికను రద్దు చేస్తూ తీర్మానించింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా రాజకీయ కథగా చెప్పుకుంటారు. అదే ఏడాది డిసెంబరు 3న వెలువడిన ఫలితాల్లో కామారెడ్డి నుంచి పోటీ చేసిన కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరినీ బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి ఓడించడంతో ఆ కథకు మరింత పదును వచ్చింది. అయితే అభివృద్ధి సంస్థల నిర్మాణాన్ని అధ్యయనం చేసేవారికి ఇక్కడ మరో ప్రశ్న ముఖ్యం. ఒక ప్రాంతం ఆర్థిక భవిష్యత్తును నిర్ణయించే పాలకవర్గంలో ఎవరు కూర్చుంటారు? వారి ముందుకు విషయం ఏ దశలో వస్తుంది?

అడ్లూర్ ఎల్లారెడ్డి సంగతే చూడాలి. నియోజకవర్గ కేంద్రమైన ఎల్లారెడ్డి పట్టణం వేరు, ఇది వేరు. సదాశివనగర్ మండలంలోని గ్రామ పంచాయతీ ఇది, గాయత్రి షుగర్స్ కర్మాగారం ఉన్న ఊరు. ఇక్కడి రైతులకు కామారెడ్డి మున్సిపల్ కౌన్సిల్‌లో ఓటు లేదు. పట్టణం పెరిగేది ఊళ్ల వైపు, ఆ పెరుగుదలను గీసేది పట్టణం. ఊరి మాట వినిపించే చోటు అభ్యంతరాల పెట్టె ఒక్కటే. ఈ ఏర్పాటులోని లోపం ఏ ఒక్క అధికారి తప్పిదంతోనూ పుట్టలేదు, విధానంలోనే ఉంది.

‘ఒక్క ఎకరం కూడా తీసుకోవడం లేదు కదా’ అన్నది అప్పటి ప్రధాన సమాధానం. అది నిజమే. రైతుల భయమూ నిజమే. 2013 భూసేకరణ చట్టం కింద భూమి తీసుకోవాలంటే సామాజిక ప్రభావ అంచనా ఉండాలి, పరిహారం ఉండాలి, ప్రైవేటు సంస్థల కోసమైతే 80 శాతం మంది సమ్మతి ఉండాలి. జోన్ మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. భూమి రైతు పేరునే ఉంటుంది, పాస్‌బుక్కూ చెక్కుచెదరదు. కానీ పారిశ్రామిక జోన్‌లో పడ్డ మడిలో ఇళ్ల లేఅవుటుకు అనుమతి రాదు, కొనేవాడు వెనకాడతాడు, బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామన్న లెక్క తలకిందులవుతుంది. ఒక గీతతో ఒకరి భూమి విలువ పెరిగి, పక్కవారిది పడిపోతున్నప్పుడు ఆ గీత గీసే చోట ఇద్దరి తరఫునా ఎవరైనా ఉండాలన్నది న్యాయమైన కోరిక.

అలాంటి చోటు చట్టంలో ఉంది. దాన్ని వాడుకోవడమే లేదు. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 243 జెడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల సభ్యులను జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల సభ్యులు తమలోంచి ఎన్నుకోవాలి. గ్రామీణ, పట్టణ జనాభా ఏ నిష్పత్తిలో ఉందో సభ్యులూ అదే నిష్పత్తిలో ఉండాలి. ఆ కమిటీ పట్టించుకోవలసిన విషయాల్లో పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడిగా ఉండే స్థల ప్రణాళిక, నీటి పంపకం, మౌలిక వసతుల కల్పన, పర్యావరణ పరిరక్షణ పేరుపేరునా ఉన్నాయి. కామారెడ్డికీ అడ్లూర్ ఎల్లారెడ్డికీ మధ్య వచ్చిన తగవు సరిగ్గా ఇలాంటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందుకోసం 2005లో చట్టం కూడా చేసింది. ఇంత స్పష్టంగా రాసి ఉన్న మార్గాన్ని పక్కన పెట్టి, ఊళ్లను కలెక్టరేట్ గేటు దాకా నడిపించడం బాధాకరం.

జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే డీఆర్‌డీఏ, పరిస్థితి ఇంకో రకం. 1970ల నాటి చిన్న రైతుల అభివృద్ధి సంస్థల తర్వాత, సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకాన్ని దేశమంతటా అమలు చేయడానికి 1980లో వీటిని ఏర్పాటు చేశారు. 1999 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం జిల్లా పరిషత్తు చైర్మన్ పాలకవర్గానికి అధ్యక్షుడు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, వంతులవారీగా మండల అధ్యక్షులు, లీడ్ బ్యాంకు, నాబార్డు ప్రతినిధులు, బలహీన వర్గాల తరఫువారు సభ్యులు. మూడు నెలలకోసారి కూర్చోవాలి. చూడటానికి నిండైన పాలకవర్గమే. కానీ దాని పని విధాన నిర్దేశం, వార్షిక ప్రణాళిక ఆమోదం, సమీక్ష. కార్యనిర్వహణ అధికారం, ఖర్చు పెట్టే అధికారం అధికారులతో కూడిన కార్యనిర్వాహక కమిటీకి ఉంటాయి. ప్రజలు ఎన్నుకున్నవారు సలహా చెబుతారు, ఫైలు మరోచోట కదులుతుంది. ఈ సంస్థల నిర్వహణకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక పథకం కూడా 2022 ఏప్రిల్ 1తో ఆగిపోయింది.

కామారెడ్డి విషయంలో మరో చిక్కు ఉంది. నిజామాబాద్ నుంచి విడిపోయి 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడింది. 2011 లెక్కల్లో ఈ భూభాగంలో ఉన్నది సుమారు 9.7 లక్షల మంది, అత్యధికులు పల్లెవాసులు. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్లు. జిల్లా వచ్చినా దానికంటూ జిల్లా పరిషత్తు కొలువుదీరింది 2019 జూలైలో. 2024 జూలైలో గడువు తీరింది, ప్రత్యేకాధికారుల పాలన మొదలైంది. అంతకు ముందే ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం, 2025 జనవరిలో కామారెడ్డి, ఎల్లారెడ్డి మున్సిపల్ పాలకవర్గాల గడువు ముగిశాయి. అధ్యక్షుడే లేని కాలంలో డీఆర్‌డీఏ పాలకవర్గం గురించి గానీ ప్రణాళికా కమిటీ గురించి గానీ మాట్లాడుకోవడం కాగితం గురించి మాట్లాడుకోవడమే.

ఎన్నికలు ఆలస్యమవడానికి కారణం కూడా కామారెడ్డితో ముడిపడింది. స్థానిక సంస్థల్లో వెనుకబడిన తరగతులకు 42 శాతం స్థానాలు కల్పిస్తామన్న కాంగ్రెస్ హామీ 2023 నవంబరు 10న ఈ పట్టణంలోనే వెలువడింది, అందుకే దానికి కామారెడ్డి డిక్లరేషన్ అన్న పేరు. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అక్టోబరు 9న హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. చివరికి పాత 50 శాతం పరిమితికి లోబడే డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. నిర్ణయం తీసుకునే చోట వెనుకబడిన కులాలకు వాటా దక్కాలన్న కోరికా, ఆ చోట్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోవడమూ ఒకే కాలంలో సాగాయి.

ఇంతకీ ఈ పాలకవర్గాలు తేల్చాల్సిన విషయాలు ఏమిటి? ఎల్లారెడ్డి వైపు నుంచి చూస్తే మొదటిది నీరు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపకల్పనలో మంజీరపై కట్టారు. కట్ట ఈ ప్రాంతంలోనే ఉన్నా కాలువ నీరు ప్రధానంగా పల్లానికి, బాన్సువాడ, బోధన్‌ల వైపు పారింది. తొలుత 29.7 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం పూడికతో 11.8 టీఎంసీలకు పడిపోతే, తర్వాత నీటి మట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలకు ఆధారం 1922 నాటి పోచారం జలాశయం, దాని ఆయకట్టు 10,500 ఎకరాలు. మిగతా మెట్ట అంతా చెరువులూ బోర్లే. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో ‘ప్యాకేజీ 22’గా రైతుల నోళ్లలో నానుతున్న పనులు ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. బోర్లు ఎండినప్పుడు ఈ ఊళ్ల మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు, ఆడవాళ్లు బీడీ ఆకు కత్తిరించుకుంటూ ఇళ్లు నడిపారు. పరిశ్రమ వద్దనేవారు ఈ ప్రాంతంలో దాదాపు లేరు. ఎక్కడ, ఎవరి పొలంలో, ఏ నీటితో అన్నదే తగవు.

చట్టబద్ధమైన పాలకవర్గాలు బలహీనపడ్డ చోట మరో వ్యవస్థ బలంగా ఉంది. ఉమ్మడి నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ అంటే తెలియనివారుండరు. అందరూ ‘వీడీసీ’ అంటారు. కల్లు, బెల్టు షాపు, చేపలు, ఇసుక వంటి వాటికి వేలం పెట్టి వచ్చిన డబ్బుతో గుడి కట్టిస్తుంది, సంఘ భవనం వేయిస్తుంది, పంచాయితీలు తీరుస్తుంది. పని త్వరగా జరుగుతుంది, డబ్బు ఎక్కడికి పోయిందో ఊరికి కళ్లముందే కనిపిస్తుంది. అందుకే దాని మాట చెల్లుతుంది. కానీ చట్టంలో దీనికి చోటు లేదు. కులానికొకరు చొప్పున పెద్దలు కూర్చునే ఈ కమిటీల్లో ఆడవారి జాడ కనిపించడం అరుదు. జరిమానాలు కట్టనన్న కుటుంబాలను, కొన్నిచోట్ల కులాలకు కులాలనే వెలివేసిన ఘటనలపై పోలీసు కేసులు నమోదయ్యాయి. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కారాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. తెలంగాణలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. వీడీసీ వేగాన్ని మెచ్చుకునేవారు ఈ బాధితుల వైపు కూడా చూడాలి. ఊరంతా ఒక్కటేనన్న మాట చాటున ఎవరి గొంతు నొక్కుకుపోతున్నదో అడగకుండా దాన్ని ప్రజాస్వామ్యమనడం తప్పు.

ఈ ప్రమాదం మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలో 1933లో ముగ్గురు సభ్యుల బోర్డుతో ఏర్పడిన టెనెస్సీ వ్యాలీ అథారిటీ ప్రాంతీయాభివృద్ధికి ప్రపంచమంతటా నమూనా అయింది. మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ 1948లో ఆ బాటలోనే పుట్టింది. ప్రజల భాగస్వామ్యమే తమ విధానమని టెనెస్సీ సంస్థ చెప్పుకుంది. 1949లో ప్రచురించిన అధ్యయనంలో ఫిలిప్ సెల్జ్‌నిక్ మరో సంగతి చూపించాడు. స్థానికులను కలుపుకోవడం పేరిట అక్కడి స్థితిమంతులైన రైతుల సంఘాలు, వ్యవసాయ కళాశాలలు లోపలికి వచ్చి సంస్థ దారినే తమవైపు తిప్పుకున్నాయి. స్థానికులు ఉండటం ఎంత ముఖ్యమో, ఏ స్థానికులన్నదీ అంతే ముఖ్యం.

మహిళా సంఘాల అనుభవం అందుకే ప్రత్యేకంగా గమనించదగ్గది. పది, పన్నెండు మంది సభ్యుల సంఘం, వాటి ప్రతినిధులతో గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. కింది నుంచి పైకి ఎన్నుకుంటూ వచ్చే ఈ నిర్మాణం నెలనెలా కూర్చుంటుంది, పుస్తకాలు చదివి వినిపిస్తుంది. 2011లో మొదలైన స్త్రీనిధి పరపతి సహకార సమాఖ్య పాలకవర్గంలోనూ ఈ సమాఖ్యల మహిళలు ఉన్నారు. ఇక్కడా పెత్తనాలున్నాయి, అధికారుల ఒత్తిడి ఉంది. అయినా తమ పొదుపు డబ్బు ఉన్న చోట సభ్యులు లెక్క అడుగుతారు. బీడీలు చుట్టే మహిళ అప్పు ఎవరికిచ్చారని నిలదీయగల పాలకవర్గం ఈ జిల్లాలో ఉన్నదంటే, అదే మహిళకు పారిశ్రామిక జోన్ మీద మాట్లాడే చోటు ఎందుకు లేదన్న ప్రశ్న తప్పదు.

మాస్టర్ ప్లాన్ రద్దుతో రైతుల ఆందోళన తీరింది, పట్టణ అవసరం తీరలేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, పోచారం కట్ట గట్టి పరీక్షకు గురైంది. వాగు ఎటు పారాలి, చెరువు అలుగు కింద ఇళ్లు కట్టవచ్చా అన్నవి మున్సిపల్ సరిహద్దు దగ్గర ఆగే ప్రశ్నలు కావు. కాబట్టి కొత్త పటం రావాలి. అయితే ఈసారి అది మొదట జిల్లా ప్రణాళికా కమిటీకి వెళ్లాలి, గీత పడకముందే సంబంధిత సర్వే నంబర్ల జాబితాను గ్రామసభలో చదవాలి, అడ్లూర్ ఎల్లారెడ్డి లాంటి ఊళ్ల ప్రతినిధులు ఓటున్న సభ్యులుగా కూర్చోవాలి. డీఆర్‌డీఏ కార్యనిర్వాహక కమిటీ తీర్మానాలు పంచాయతీ నోటీసు బోర్డు మీద కనిపించాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల సభ్యులు తమలోంచి ప్రణాళికా కమిటీని ఎన్నుకోవడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.