తెరమీద తోటివారి జాడ

వంటింట్లో ఇద్దరం పనిచేస్తుంటే ఎవరెక్కడున్నదీ గాజుల చప్పుడే చెబుతుంది. దూరాన ఉన్న ఇద్దరు ఒకే రాతప్రతి దిద్దుకోవాలంటే?

1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆ ముచ్చట కంప్యూటరు తెరమీద చూపించాడు. 50 కిలోమీటర్ల అవతల, మెన్లో పార్కులో ఉన్న సహచరుడు బిల్ పాక్స్‌టన్ ముఖం ఓ మూల. ఒకే రాతమీద ఇద్దరి గుర్తులూ!

1992 నాటి జిరాక్స్ వారి ‘పోర్ట్‌హోల్స్’లో పాలో ఆల్టో, కేంబ్రిడ్జి ఆఫీసు గదుల ఫొటోలు కొద్ది నిమిషాలకోసారి మారేవి. సీట్లో ఎవరున్నారో, ఎవరు లేరో ఇట్టే తెలిసేది. నాకైతే పక్కింటి కిటికీలోకి తొంగిచూసినట్టుంటుంది సుమండీ!

ఇప్పటి గూగుల్ డాక్స్ నయం. మనిషికో రంగు గీత, దానికో పేరు. పేరు చెప్పనివాళ్ళకి జంతువు బొమ్మ! పేచీ అల్లా ఆఫీసువాళ్ళ పచ్చచుక్కతోనే. పాలు దించడానికి లేచి కాస్త ఆలస్యమైతే చాలు, రంగు మారుతుంది. కదలకుండా ఆలోచిస్తూ కూర్చున్నా అంతే!