ఎఱ్ఱనేలలో ఇనుము

నిజామాబాదు జిల్లాలో నల్లరేగడి ప్రక్కనే ఎఱ్ఱచల్క కానవచ్చును. ఆ యెఱుపు ఇనుపత్రుప్పు. గ్రానైటు రాయి వేలయేండ్లు ఎండకు వానకు నలిగినపుడు కరఁగెడు లవణములు కొట్టుకొనిపోయి, కరఁగని యినుము మిగిలినది. మధ్యధరా సముద్రతీరపు ఎఱ్ఱనేలల కథయు నిట్టిదే. అక్కడ తల్లిరాయి మాత్రము తఱచుగా సున్నపురాయి.

ఈ ప్రాంతపు ఇనుమును మనవారు బాగుగా నెఱుఁగుదురు. కోనసముద్రపు ఉక్కుపనిని గూర్చి వాయిసీ యను భూగర్భశాస్త్రజ్ఞుని వ్యాసము 1832లో ప్రకటితమైనది. మీర్తుపల్లి యినుము మూఁడుపాళ్లు, కొండాపురపు టినుము రెండుపాళ్లు మూసలోఁ గలిపి కరఁగించుచుండిరి. ఒకటి అయస్కాంతపు ఇసుకనుండి, రెండవది ఇనుపమన్నులోఁ దొరకు ఖనిజమునుండి వచ్చెడిది. పర్షియా వర్తకులు ఆ పల్లెకే వచ్చి సరకు కొనిరి. కత్తులకు దమాస్కసు పేరు దక్కినది. కోనసముద్రము పేరెత్తువారు మనలోనే అరుదు. ఇది నాకు వింతగాఁ దోఁచును.

పొడినేలలో ఇనుము కదలదు. సీసము, రాగి, జింకు వంటి లోహములను గూడ తన్నంటుకొని యుండనిచ్చును. దానిని కదలించునది నిలువనీరు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీర నీటిని ఈ పొలములకుఁ దెచ్చినది. మడిలో నీరు నిలిచినపుడు గాలి యందక, సూక్ష్మజీవులు ప్రాణవాయువునకు బదులుగా త్రుప్పునందలి యినుమును వాడుకొనును. అప్పుడు ఇనుము కరఁగి నీటితో సాగి, గాలి తగిలినచోట మరల నెఱ్ఱబడును. కాలువగట్టున నూనెతెట్టు వంటి పొర కనఁబడిన కఱ్ఱతోఁ గదపి చూడుఁడు. పెంకులుగాఁ బగిలిన నది ఇనుము. మరలఁ గలిసిపోయిన నూనె.

చెరకు నిలువనీటిని సహింపదు. 1937లో నెలకొన్న బోధను చక్కెర కర్మాగారము 2015లో మూఁతపడినది. చెరకు తోటలు పెక్కు వరిమళ్లైనవి. ఊపిరియాడుచుండిన నేల ఏఁటికి నెలల తరబడి మునిఁగియుండుచున్నది. ఇక లోహముల నడక మాఱును. జింకు పైరునకందక ఆకులపై త్రుప్పుమచ్చలు లేచును. భాస్వరపు ఎరువులతోఁ గొద్దిగా రాఁగల కాడ్మియము తీరు వేఱు: నీరున్నంతకాలము గంధకముతోఁ గట్టుబడి, మడి యారినపుడు విడివడి గింజకెక్కఁగలదు. కనుక కోఁతకెంత ముందుగా నీరు తీయవలెనన్నది చిన్నప్రశ్న గాదు. జింకు లోపించిన మడికి ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు చల్లుట వాడుక. దానిని భాస్వరపు ఎరువుతోఁ గలిపి చల్లరాదు.