వకీలు సాబు పుట్టుపూర్వోత్తరాలు

బోయినపల్లి నుంచి భూమి తగాదా మీద సిరిసిల్ల పోయే రైతు ‘వకీలు సాబును కలిసొస్త’ అంటాడు. ఆ వకీలు ఇంటి ముందు బోర్డు మీద ‘అడ్వకేట్’ అని ఉంటుంది. పత్రికల్లో ఆయనే ‘న్యాయవాది’. రాజ్యాలు మారినప్పుడల్లా మీద పడ్డ పేర్లివి.

‘వకీల్’ అరబ్బీ మాట. నా పని నీ చేతిలో పెడుతున్నానని నమ్మి అప్పగిస్తే, దాన్ని నెత్తికెత్తుకున్నవాడు వకీల్. పారశీకం మీదుగా అది మన కచ్చేరీలకు చేరింది. నిజాం రాజ్యంలో మొదట పారశీకం, 1880ల నుంచి ఉర్దూ అధికార భాషలు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక ఉన్నత చదువులూ ఉర్దూలోనే సాగాయి. ఇంట్లో తెలుగు, కోర్టులో ఉర్దూ. అట్లా దావా, పేషీ, జమానతు, వకాల్తా మనవైపోయాయి. ‘ముద్దాయి’ మరీ విచిత్రం. ఉర్దూలో దావా వేసినవాడు ముద్దయీ. మన నోట్లో పడ్డాక నేరం మోపించుకున్నవాడయ్యాడు.

వకాల్తా కాగితం ఒకసారి చూడండి. కక్షిదారు పేరు, తండ్రి పేరు, ఊరు, కింద సంతకమో వేలిముద్రో. వకీలు ఒప్పుకున్నట్టు తన సంతకం పెట్టి, అడ్వకేట్ల సంక్షేమ నిధి స్టాంపు అంటిస్తాడు. బోయినపల్లి వైపు మధ్య మానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. తరాల పొలం పోయినవాడు పరిహారం కోసం కోర్టు మెట్లెక్కితే, అతని గొంతు లోపలికి చేరేది ఈ కాగితం మీదుగానే. అరబ్బీ మాటలోని ‘అప్పగింత’ నేటికీ అందులో సజీవంగా ఉంది.

ఊరివాళ్ల తరఫున మాట్లాడే ఆ వకీళ్లకే సభలో సొంత భాష దక్కని రోజులుండేవి. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. దానికి వెన్నెముకగా నిలిచిన మాడపాటి హనుమంతరావూ వకీలే.

బ్రిటిష్ ఇలాకాలో గొడవ వేరు. 1879 చట్టం వకీలు, ప్లీడరు, ముక్తారు అంటూ మెట్లు కట్టింది. బారిస్టరు అందరికంటే పైన. టంగుటూరి ప్రకాశం రాజమహేంద్రవరంలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఎంత వాదన నేర్చినా ఆ పట్టాతో మద్రాసు హైకోర్టులో వాదించే వీల్లేదు. అందుకే ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై 1907లో తిరిగొచ్చారు. 1961 అడ్వకేట్ల చట్టం ఈ మెట్లన్నీ తీసేసి, అందరినీ అడ్వకేట్లనే చేసింది. ‘సీనియర్ అడ్వకేట్’ హోదా ఒక్కటి మిగిలింది. మెట్లు తీసేయడం చాలా మంచి పని.

రాజ్యాలు మారితే మాటలు మారే ఈ కథ స్పెయిన్‌లోనూ ఉంది. అక్కడ వకీలును ‘అబొగాదో’ అంటారు. లాటిన్‌లో సాయానికి పిలిపించుకున్నవాడు అని అర్థం. మన ‘అడ్వకేట్’కూ మూలం అదే. అరబ్బుల ఏలుబడి అక్కడ 711లో మొదలై 1492లో గ్రెనడాతో ముగిసింది. ఖాజీ అన్న మాటే ‘అల్కాల్దే’గా మిగిలింది; అప్పట్లో న్యాయాధికారి, ఇప్పుడు మేయర్. కోర్టు మాటల్లో మనకూ స్పెయిన్‌కూ అరబ్బీ అప్పు ఒక్కటే.

మెక్సికోలో డిగ్రీ ఉన్న లాయరును ‘లిసెన్సియాదో’ అని పిలుస్తారు. అర్జెంటీనాలో, కొలంబియాలో ‘డాక్టర్’ అంటారు. మన ఊళ్లో డాక్టర్ అంటే సూది వేసేవాడే. పీహెచ్‌డీ చేసినవారు పేరు ముందు అదే పెట్టుకోవచ్చు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులు రద్దు చేస్తూనే సైనిక, విద్యా సంబంధమైనవాటిని మినహాయించింది.

వకీళ్ల బోర్డులకు మాత్రం బార్ కౌన్సిల్ కట్టడి ఉంది. బోర్డు మరీ పెద్దగా ఉండకూడదు. జడ్జిగా చేసివచ్చిన వకీలైనా సరే, ఆ సంగతి దానిమీద రాసుకోకూడదు.